‘యే’ వచ్చింది, ‘సయ్య’ రాలేదు

చండ్రుగొండ అవతల అడవి అంచున జరిగే వారం సంతలో ఆ రోజు జోగమ్మ చెయ్యి నా చేతిలో ఉంది. ఆకుపచ్చ మట్టిగాజులు అడిగింది. ముంజేతికి సబ్బునీళ్లు రాసి, నాలుగు వేళ్లూ దగ్గరికి నొక్కి, ఒక్కో గాజూ ఎక్కిస్తూ అలవాటు ప్రకారం నా మాట మొదలుపెట్టాను. “జోగమ్మా, యే...” అన్నాను. అంతే. ఎవరో నల్లా కట్టేసినట్టు గొంతు ఆగిపోయింది. ‘యే’ వచ్చింది, ‘సయ్య’ రాలేదు.

జోగమ్మ చెయ్యి వెనక్కు లాక్కుంది. “ఏంది గాజులక్కా, ఏయ్ అంటున్నవ్? నేనేమన్న నీ కోడలినా?”

నవ్వాను. నవ్వుకు కూడా చప్పుడు లేదు. ఉత్త గాలి.

నా పేరు సువార్తమ్మ. పుట్టింది తిరుమలాయపాలెం దగ్గర పల్లెలో, ఉండేది ఖమ్మంలో కిరాయి ఇంట్లో. మా ఆయన దేవదానం మిర్చి యార్డులో హమాలీ. నాది గాజుల బేరం. మా చర్చి సంఘంలో ఆడవాళ్లు చాలామంది గాజులు వేసుకోరు కాబట్టి ఆదివారం నాకు నిజంగానే విశ్రాంతి దినం. మిగతా రోజులు సంతలు. ఈ బేరంలో ఒక సౌకర్యం ఉంది. చెయ్యి పట్టుకున్నాక మనిషి లేచి వెళ్లలేదు. సగం గాజులెక్కిన చేత్తో ఎవరు పారిపోతారు? ఆ సందులోనే యేసయ్య సంగతి చెప్పేదాన్ని. మా వైపు ‘గాజులు వేసుకో’ అనరు, ‘ఏసుకో’ అంటారు. “గాజులూ ఏసుకో తల్లీ, ఏసునూ తలుసుకో” అనేది నా పాత హాస్యం. దానికి జోగమ్మ పాత జవాబు ఒకటుంది: “ముందుగాల గాజులేసుకోనియ్యి అక్కా. ఏసు సంగతి చేతులు ఖాళీ అయినంక సూద్దాం.” ఆమె చేతులు ఖాళీగా ఉండటం నేనెన్నడూ చూడలేదు. పొలం పని, ఇప్పపువ్వు ఏరడం, తునికాకు కోయడం, మేకలు.

గొంతు మర్నాటికి కొంత తిరిగి వచ్చింది గానీ బొంగురుగా వచ్చింది. దేవదానం నా మాట విని, “రోజంత మిరపకాయల నడుమ నేనుంటే ఘాటు నీ గొంతుకెక్కిందా?” అన్నాడు. మిరియాల పాలు తాగాను. వీధి చివరి ఆర్‌ఎంపీ ఇచ్చిన సిరప్ తాగాను. చప్పరించే బిళ్లలు పిల్లల్లా చప్పరించాను. ప్రార్థనకు వచ్చిన సహోదరి ఒకామె, “ఎక్కువ మాట్లాడితే గిట్లనే అయితది” అంది. అది ఓదార్పో తీర్పో తెలియలేదు. అలా వర్షాకాలం మొత్తం గడిపేశాను.

గడ్డను కనిపెట్టింది డాక్టరు కాదు, నేనూ కాదు. సంతలో మజ్జిగ తాగుతుంటే జోగమ్మ నా మెడ వైపే చూస్తూ, “అక్కా, నీ మెడల ఏందో మింగుతున్నట్టే ఉంది, మింగినా పోతలేదు” అంది. గొలుసు వేసుకునే అలవాటుంటే ఎప్పుడైనా తగిలేదేమో. మా సంఘంలో అదీ లేదు.

ఖమ్మంలో ఈఎన్‌టీ డాక్టరు ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దించి “ఈ అనండమ్మా” అన్నాడు. ఈ అన్నాను. “ఎడమవైపు వోకల్ కార్డ్, అంటే మాట పలికించే తంత్రి, కదలడం లేదు. మెడలో గడ్డ కూడా ఉంది. రెండింటికీ సంబంధం ఉందేమో చూడాలి” అని మెడకు అల్ట్రాసౌండ్, తర్వాత ఎఫ్‌ఎన్‌ఏసీ రాశాడు. ఎఫ్‌ఎన్‌ఏసీ అంటే గడ్డలోకి సూది పెట్టి కాస్త తీసి చూడటం. నొప్పి కంటే, గుచ్చేటప్పుడు గుటక వేయకుండా ఉండటం కష్టం. వద్దన్నప్పుడే గుటక పడుతుంది.

రిపోర్టు వచ్చాక డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. డాక్టర్లు కుర్చీ జరిపితే మంచి వార్త కాదని, పేరులోనే సువార్త ఉన్న నాకు అర్థమైంది.

“పాపిలరీ కార్సినోమా అమ్మా. క్యాన్సరే. కానీ థైరాయిడ్ క్యాన్సర్లలో ఇది నెమ్మదస్తురాలు. భయపడండి, మరీ ఎక్కువ మాత్రం వద్దు.”

జీవితమంతా పాపుల గురించి చెప్పుకుంటూ తిరిగాను. చివరికి నా మెడలోనే పాపిలరీ. ఈ మాట దేవదానానికి చెప్పి నవ్వించబోయాను. ఆయన నవ్వలేదు. ఆస్పత్రి మెట్ల మీద నా గాజుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, అందులో ఏదో పగిలిపోతుందన్నట్టు.

ఆపరేషన్‌కు ముందు వారం సంతకు వెళ్లి జోగమ్మకు గుసగుసగా చెప్పాను, కార్డు పనిచేయడం లేదట అని.

“ఏ కార్డు? రేషన్‌దా, ఆధార్‌దా?”

“గొంతుది.”

“గొంతుకు గూడ కార్డు వెట్టిండ్రా!” జోగమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. “మరి ఏలిముద్ర పడ్తలేదా? మీసేవకు పోయి అడగకపోయినవా?”

అర్థమయ్యేలా చెప్పేసరికి నాకు ఆయాసం వచ్చింది. అర్థమయ్యాక ఆమె చెయ్యి చాపి నా మెడ తడిమింది. తర్వాత, “మా ముత్యాలమ్మకు చెప్త. మీ యేసయ్యకు గూడ చెప్త. ఎవలకు తీరితే వాళ్లు జల్దీ సూస్తరు” అంది. ఇద్దరికీ ఒకేసారి చెప్పకూడదని నేను అనాలి. అనడానికి గొంతు లేదు. నిజం చెప్పాలంటే మనసూ లేదు.

థైరాయిడ్ మొత్తం తీసేశారు. మెలకువ వచ్చాక డాక్టరు, “గడ్డ నరానికి అతుక్కుని ఉందమ్మా. విడదీశాం. నరం తెగలేదు, కానీ బాగా నలిగింది. గొంతు ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను” అన్నాడు. దేవుని వాక్యం చెప్పే మనిషిని నేను. ఇప్పుడు ఒక్క వాక్యం చెప్పడానికి మూడుసార్లు ఊపిరి తీసుకోవాలి. నీళ్లు తాగితే పొలమారేది. రెండో రోజు పెదవుల చుట్టూ చీమలు పాకినట్టయింది. వేళ్లు వాటంతటవే దగ్గరికి ముడుచుకుని బిగుసుకుపోయాయి, అచ్చం గాజు ఎక్కించడానికి నేను ఎదుటివాళ్ల చెయ్యి నొక్కి పట్టినట్టు. నా చేతిని ఎవరో కనిపించకుండా పట్టుకుని గాజులు వేస్తున్నారా అనిపించింది. “కాల్షియం పడిపోయింది” అంటూ సిస్టర్ పరుగున వచ్చి ఇంజెక్షన్ ఎక్కించింది. వేళ్లు మెల్లగా విడిపోయాయి.

ఇంటికి వచ్చిన కొత్తలో దేవదానం, “పెండ్లయిన కాంచి ఇంట్ల ఇంత నిమ్మళం ఎన్నడు లేదు” అని వేళాకోళం చేశాడు. కొన్నాళ్లకు ఆయనే, “ఏదన్న అనవే. తిట్టనన్న తిట్టు” అన్నాడు.

కుట్లు మానాక సంతకు వెళ్లాను. పక్కనే దుప్పట్ల బేరగాడి మైకు. నా గుసగుస నాకే వినిపించదు. ఒకామె చెయ్యి పట్టుకుని, ముఖం దగ్గరగా పెట్టి యేసయ్య సంగతి మొదలుపెడితే ఆమె చుట్టూ చూసి, “ఏంది, గట్ల చెవుల చెప్తున్నవ్? ఎవల మీద చాడీలు?” అంది. సువార్త గొంతు తగ్గితే చాడీ అయిపోతుందని నాకప్పటిదాకా తెలియదు.

తర్వాత హైదరాబాదు. మిగిలిన క్యాన్సర్ కణాలను చంపడానికి రేడియో అయోడిన్ ఇవ్వాలన్నారు. దానికి ముందు కొన్ని వారాలు, తీసేసిన థైరాయిడ్‌కు బదులుగా రోజూ వేసుకునే థైరాక్సిన్ మాత్ర ఆపేశారు. ఆ వారాల గురించి ఎవరైనా నాకు ముందే సరిగ్గా చెప్పి ఉంటే బాగుండేది, కాబట్టి నేను చెప్తున్నాను. అది పని చేసి అలసిపోయిన అలసట కాదు. లేచి నిలబడాలంటే నాలో నేను సభ పెట్టి తీర్మానం చేయాల్సి వచ్చేది. వేసవిలో చలి. దువ్వెన బరువు. మందు ఇచ్చాక ఒంట్లోంచి రేడియేషన్ వస్తుందని ఒంటరి గదిలో ఉంచారు, ఎవరూ దగ్గరికి రాకూడదు. ప్రార్థనకు గొంతు అక్కర్లేదు అని ఎంతోమందికి చెప్పినదాన్ని. ఆ గదిలో తెలిసింది, గొంతు అక్కర్లేదు గానీ కాస్త ఓపిక కావాలి. నాకు అదీ లేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాను. నా తరఫున ఎవరైనా చేస్తారులే అనుకున్నాను.

తిరిగి వచ్చాక పాస్టరుగారు ప్రేమతోనే, “ఒక్క మాట సాక్ష్యం చెప్పండి సువార్తమ్మగారూ” అని మైకు నా పెదవులకు ఆనించారు. స్పీకర్లలోంచి గాలి మాత్రమే వచ్చింది. సైకిల్ ట్యూబు పంక్చరైన చప్పుడు. అందరూ దయగా తలలు వంచుకున్నారు. ఆ దయ నాకు ఆపరేషన్ కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. ఇంటికి వచ్చి దేవదానానికి చెప్పాను. ఇక సంతలు మానేస్తాను. ఉన్న సరుకు అమ్మేసి ఇంట్లో కూర్చుంటాను.

“బేరం మానితే మాను. యేసయ్య మాట గూడ మానుతవా?”

“మాటెక్కడుంది మానడానికి?” అన్నాను.

ఆఖరిసారి అనుకునే జోగమ్మ వచ్చే సంతకు వెళ్లాను. మిగిలిన గాజులు గోనె మీద పరిచాను. ఆమె వచ్చి, గిరాకీలా ఎదురుగా కాకుండా నా పక్కన చతికిలబడింది. మిరప కోతకు వచ్చిన కూలీ ఒకామె ఎర్రగాజులు అడిగి చెయ్యి చాపింది. నేను మాట్లాడకపోయేసరికి, “ఈమె మూగదా?” అంది.

“మూగదా? ఈమె మాట నువ్వు ఇనలే!” జోగమ్మకు కోపం వచ్చింది. “గొంతుల గడ్డ తీసిండ్రు. లేకుంటే నీ చెయ్యి వట్టి గింతసేపు ఊకుంటదా? యేసయ్య కథ చెప్తుండె.”

“ఏం కథ?”

జోగమ్మ నా వైపు చూసింది. నా దగ్గర గాలి తప్ప ఏం లేదు. ఆమె కొంగు సర్దుకుంది.

“ఒకాయనకు నూరు మేకలుంటయ్...”

నా కథలో అవి గొర్రెలు. దిద్దుదామని నోరు తెరిచి, మూశాను.

“అండ్ల ఒకటి అడవిల తప్పిపోయింది. పోతే పోయింది, ఇంకా గన్ని లేవా అనుకోలే ఆయన. టార్చిలైటు వట్టుకొని పోయిండు. ఎలుగ్గొడ్డు తిరిగే జాగా. ముండ్లు. పిలుసుకుంట పిలుసుకుంట పోయిండు.”

“దొరికిందా?” కూలీ ఆమె చెయ్యి నా చేతిలో మెత్తబడింది.

“దొరికింది. తిట్టలే, కట్టె తీసుకొని కొట్టలే. భుజాల మీదేసుకున్నడు. ఉత్తదా మరి, పెరిగిన మేక! గుట్ట ఎక్కాలె, వాగు దాటాలె. ఆయనకు గూడ అలుపొచ్చింది. నడుమల ఒక రాయి మీద కూసున్నడు. కూసున్నడు గని, మేకను కింద దించలే. భుజాల మీద వెట్టుకునే కూసున్నడు. అలుపు తీరినంక మళ్ల లేసిండు.”

గాజు నా వేళ్ల మధ్య ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆ కథ ఎన్నిసార్లు చెప్పానో, ప్రతిసారీ కాపరిని ఒక్క ఊపున ఇంటికి చేర్చేశాను. ఆయనను ఎక్కడా కూర్చోనివ్వలేదు.

“ఏందక్కా, తప్పు చెప్పిన్నా?”

తల అడ్డంగా ఊపాను. కూలీ ఆమె వెళ్లాక ఊపిరి కూడదీసుకుని అడిగాను, “అలుపొచ్చిందని... నీకెవరు... చెప్పిండ్రు?”

“ఒకలు చెప్పాల్నా? మేకను మోసినోళ్లకు తెల్వదా?”

“ఒక్కసారి మా సంఘానికి రారాదే.”

“రాను. నాకు మా ముత్యాలమ్మ ఉంది. కథ బాగుంటది, అందుకు చెప్పిన.” అని నా ఎర్రగాజుల్లోంచి రెండు తీసి ఎండకు పట్టి చూసుకుంది. “వచ్చే వారం పచ్చయి పట్టుకరా. ఈ రంగు నాకు నప్పది.”

వచ్చే వారం పచ్చవి తీసుకెళ్లాను. అప్పటినుంచి వెళ్తూనే ఉన్నాను.

ఇప్పుడు రోజూ పొద్దున పరగడుపున థైరాక్సిన్ మాత్ర. అరగంట దాకా టీ లేదు. అదే నాకు పెద్ద ఉపవాసం. మొన్న కెమెరాలో చూసి డాక్టరు, “ఎడమ కార్డ్ ఇంకా కదలడం లేదమ్మా. కానీ కుడివైపుది నడిమి గీత దాటి దాని దగ్గరికి వస్తోంది. అందుకే ఈ మాత్రం గొంతు” అన్నాడు. ఈ మాత్రం అంటే పగిలిన గాజు మోగినట్టు. మధ్యాహ్నం దాటితే అదీ ఉండదు. ఉన్నంతసేపట్లో ముందు చెయ్యి ఎవరిదో వాళ్ల సంగతి అడుగుతాను. అడిగితే చెప్పేవి చాలా ఉన్నాయి వాళ్ల దగ్గర. నా మాట చివర్లో, మిగిలిన గొంతుతో. కొందరు వింటారు, కొందరు గాజులు మాత్రం వేసుకుని వెళ్తారు. నా బదులు కేక వేసేది జోగమ్మ. “రాండ్రి, ఏసుకోండ్రి!” అంటుంది దుప్పట్ల మైకు కంటే గట్టిగా. ఏమి ఏసుకోమంటుందో నేను అడగను.

చదివేవారికి ఒక్క సంగతి. గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గకపోతే సిరప్‌లతో కాలయాపన చేయకండి, ఈఎన్‌టీకి చూపించుకోండి. అద్దం ముందు నిలబడి, తల కాస్త పైకెత్తి, ఒక గుక్క నీళ్లు మింగుతూ మెడ చూసుకోండి. గుటకతో పాటు ఏదైనా పైకీ కిందికీ కదిలితే నాలా వర్షాకాలం దాటనివ్వకండి. చూసుకునే ఓపిక లేకపోతే పక్కవాళ్లను చూడమనండి. ఇక వైద్యం మధ్యలో అలుపొస్తే, వస్తుంది, సిగ్గుపడకుండా కూర్చోండి. నడుమల కూర్చున్నంత మాత్రాన మిమ్మల్ని మోసేవాడు కింద దించేసినట్టు కాదట. జోగమ్మ చెప్పింది.