టీచరమ్మ మోసిన అబద్ధం

పోయిన నెల ఒక సోమవారం, కోహీర్‌లో నేను పనిచేసే బడిలో ప్రార్థన అయ్యాక మా అటెండరు హాజరు రిజిస్టరు నా ముందు పెడుతూ చెప్పాడు.

"మేడం, రాయికోడ్‌ల గ్రహణం టీచరమ్మ లేదా? నిన్న పొద్దుగాల పోయిందంట. గుండె నొప్పంట."

అతను చెడ్డవాడు కాదు. ఆమెకు మరో పేరుందని అతనికి తెలియదు, అంతే. ఈ చుట్టుపక్కల చాలామందికి తెలియదు. ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా నాకు సైన్సు చెప్పిన టీచరమ్మ ఆమె. జహీరాబాద్‌లో మా ఇంటి వెనక, పెరటి గోడకు అవతలి రెండు గదుల్లో తల్లితో అద్దెకుండేది. ఆ పేరు ఆమెకు తగిలించింది మా ఇల్లే. ఆమె గురించి రాసే అర్హత నాకు ఉందో లేదో తెలియదు. రాయకుండా తప్పించుకునే హక్కు మాత్రం లేదు.

మేము అల్లం వ్యాపారులం. నాయనకు బజారులో దుకాణం ఉండేది. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళంతా టీచరమ్మ అరుగు మీద చేరి కందిపప్పో, చింతపండో బాగుచేసుకుంటూ కూర్చునేవారు. బడి లేని రోజు ఆమె కూడా ఒక చేట ముందేసుకుని కూర్చునేది. చేయి రాళ్ళేరుతూనే ఉండేది, నోరు సూర్యుడి గురించి, చంద్రుడి గురించి చెబుతూ ఉండేది. పుస్తకంలో ఉన్నట్టు చెప్పేది కాదు.

"మన హైదరాబాద్ బస్సుంది సూడు, గదే బస్సు యాడా ఆగకుండ సూర్యుని దిక్కు పోతుందనుకో. నాలుగు వందల ఏండ్ల మీద పడ్తది. ఎక్కినోడు దిగడు. వాని పదిహేడో తరమోడు దిగుతడు."

"అంతదూరం కెల్లి గింత ఎండ కొడ్తుందా?" అని మా పక్కింటి దర్జీ భార్య బుగ్గలు నొక్కుకునేది.

అందరికంటే ఎక్కువ ప్రశ్నలడిగేది మా వదిన. వదినది బీదర్ దగ్గర పల్లె. కన్నడం కలిసిన తెలుగుతో మా ఇంట్లో నోరు తెరవడానికే సిగ్గుపడేది. ఆ అరుగు మీద మాత్రం సిగ్గు ఉండేది కాదు. ఒకరోజు పప్పు చెరగడం ఆపి అడిగింది.

"ఆకాశం ఏడ ముగుస్తది టీచరమ్మా?"

"నాకు తెల్వదు."

"సదువుకున్నోళ్ళకు తెలుస్తది గద?"

"తెలిసినోళ్ళు ఇంక పుట్టలే బిడ్డా. పుడితే గిసువంటి ప్రశ్న అడిగినోళ్ళ కడుపుననే పుడ్తరు."

వదిన ఆ రోజంతా నవ్వుతూనే ఉంది. టీచరై ఉండి తెలియదనడమేమిటని మా నాయనమ్మ మాత్రం ఈసడించుకునేది. నేను ఇప్పుడు అదే ఉద్యోగం చేస్తున్నాను. పిల్లల ముందు "తెలియదు" అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. టీచరమ్మ దాన్ని మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా అనేది. సూర్యుడికంటే చంద్రుడు అంత చిన్నవాడైనా గ్రహణం నాడు సూర్యుణ్ణి సరిగ్గా కప్పేటట్టు ఎందుకు కుదిరాడని నేనడిగితే, "దగ్గర ఉన్నడు కాబట్టి" అని చెప్పి, ఆగి, "గంత కచ్చితంగ ఎందుకు కుదిరిందో మాత్రం తెల్వదు. ఊరికెనే కుదిరిందేమో. చంద్రుడు జర జర దూరం జరుగుతున్నడు. కోట్ల ఏండ్లయినంక గీ కప్పుడు ఉండదు. మనం మంచి టైముల పుట్టినం" అంది.

మంచి టైము! ఆ మాట తలచుకుంటే ఇప్పుడు నోరు చేదవుతుంది.

ఎనభయ్యో సంవత్సరం మాఘ అమావాస్య నాడు సూర్యగ్రహణం పట్టింది. జహీరాబాద్‌లో సూర్యుడు పూర్తిగా మునగడని, సన్నటి వంక మిగులుతుందని టీచరమ్మ నెల ముందు నుంచే చెబుతోంది. ఆ రోజు మధ్యాహ్నానికే బజారు మూసేశారు. బొంబాయి రోడ్డు మీద లారీ కూడా లేదు. మా వదినకు అప్పుడు ఆరో నెల. నాయనమ్మ ఆమెను లోపలి గదిలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కిటికీకి గోనెసంచులు కట్టి, కదలొద్దని, గోక్కోవద్దని చెప్పి గడప దగ్గర కూర్చుంది. నాయన, అన్న తలుపులేసుకుని దుకాణంలోనే ఉండిపోయారు. ఆ సందులో నేను గోడ దూకి టీచరమ్మ ఇంటికి పోయాను.

అక్కడ బడి నుంచి మేము ఆరుగురం ఆడపిల్లలం. సూర్యుడి వైపు తలెత్తి చూడనివ్వలేదామె. చిన్న అద్దానికి నల్లకాగితం అంటించి, దానికొక బెజ్జం పెట్టి, ఎండ గది లోపలికి కొట్టేటట్టు పెరట్లో స్టూలు మీద నిలబెట్టింది. చీకటి గది గోడ మీద అరచేయంత సూర్యుడు వచ్చి పడ్డాడు. చూస్తూ ఉండగానే ఒక పక్కనుంచి కొరికినట్టు తరిగిపోసాగాడు. బయట వేపచెట్టు నీడలో వందల నెలవంకలు పడ్డాయి. ఎండ రంగు మాసిపోయింది, కోళ్ళు గంప దగ్గరికి నడిచాయి. గ్రహణం విడిచేదాకా నేనక్కడే ఉన్నాను.

"మీ వదిన ఏమంటుంది?" అని అడిగింది టీచరమ్మ మధ్యలో.

"రావాల్నని ఉంది టీచర్. నాయనమ్మ తలుపు కాడ కూసుంది."

"పోనియ్. పిలువకు. మనం సూసే గడియ కోసం ఆ పిల్ల ఏడాది తిట్లు తినాలె."

వైశాఖంలో వదినకు ఆడపిల్ల పుట్టింది. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. మన భాషలో దానికి ఉన్న పేరే గ్రహణం మొర్రి. ఆ పేరు తెలిసిన ఇంట్లో ఇక వేరే విచారణ ఏముంటుంది? నాయనమ్మ మొదట తన మీదికి రాకుండా చూసుకుంది. "నా కండ్లు ఎప్పుడు మూతపడ్డయో, ఇది ఎప్పుడు బయటికి పోయి సూసిందో" అని మొదలుపెట్టింది. బాలింతను పట్టుకుని రోజూ అదే ప్రశ్న. తాను చూడలేదని వదిన ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. పదో రోజున అన్న, "నిజం చెప్తవా, మీ అవ్వగారింటికి పోతవా? పోతే మల్ల రాకు" అన్నాడు.

ఆ సాయంత్రం వదిన చెప్పింది. "టీచరమ్మ పిలిచింది. గోడ కాడికి పోయి చూసిన."

నేను గుమ్మంలోనే ఉన్నాను. గ్రహణమంతా టీచరమ్మ ఇంట్లో ఉన్నదాన్ని. వదిన రాలేదని మా ఇంట్లో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. పదిహేనేళ్ళు నాకు. నోరు తెరిస్తే నేను గోడ దూకిన సంగతి బయటపడుతుంది. తెరవలేదు.

నాయన ఇద్దరు బంధువులను వెంటబెట్టుకుని టీచరమ్మ ఇంటికి పోయాడు. నేనూ వెనకాల పోయాను. టీచరమ్మ అప్పుడే తల్లికి అన్నం తినిపించి చెయ్యి కడుక్కుంటోంది.

"మా కోడల్ని గ్రహణం సూడ పిల్చినవా?"

ఆమెకు అర్థం కాలేదు. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. తరవాత ఆమె చూపు గోడ మీదుగా మా పెరట్లోకి పోయింది. అక్కడ వదిన బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. టీచరమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని, "అవును. నేనే పిల్చిన. ఆ పిల్ల తప్పు లేదు" అంది.

నాయన ఆమె గడప ముందు ఉమ్మేశాడు. ఊళ్ళో కాగితం తిరిగింది. ఇటువంటి టీచరు ఆడపిల్లల బడికి వద్దని రాసిన ఆ కాగితం మీద మొదటి సంతకం మా నాయనదే. చింతపండు బాగుచేసుకున్న ఆడవాళ్ళ మొగుళ్ళందరూ దాని కింద పెట్టారు. బళ్ళు తెరిచేనాటికి రాయికోడ్‌కు బదిలీ అయింది.

సామాను కట్టుకునే రోజున దొంగతనంగా పోయి అడిగాను, ఎందుకు అబద్ధం చెప్పిన్రు టీచర్ అని.

ఆమె కోపంగానే ఉంది. సామాను కట్టడం ఆపలేదు. "లేదంటే మీ వదిన ఏడికి పోతది? నాకు ట్రాన్స్‌ఫర్ వస్తది. ఆమెకు ట్రాన్స్‌ఫర్ లేదు గద." తాడు బిగించి మళ్ళీ అంది. "బిడ్డ పెదవి రెండో నెలలనే అయితది. దీపావళి నాటికే అయిపోయి ఉంటది. గ్రహణం మాఘంల వచ్చె. లెక్క సూసుకో. గిది వాళ్ళకిప్పుడు చెప్పినా వినరు. వాళ్ళకు కావాల్సింది కారణం, నిజం గాదు. నీకు ధైర్యమొచ్చిన నాడు నువ్వు చెప్పు."

హైదరాబాదులో ఏ దవాఖానలో ఆ పెదవి కుడతారో కాగితం మీద రాసి నా చేతిలో పెట్టింది. "కుట్లతోని పోయే పని ఇది, ఫికర్ చేయొద్దని మీ వదినకు చెప్పు" అంది. కాగితం వదినకు ఇచ్చాను. ఏడాది తిరిగాక అన్న తీసుకుపోయి కుట్టించాడు. ఆ కాగితం ఎవరు రాశారో అన్న అడగలేదు, మేము చెప్పలేదు.

తోకచుక్క వచ్చిన ఏడాది, అంటే మూడేళ్ళ కింద, నాకు కొత్తగా ఉద్యోగమొచ్చింది. ఆ సంతోషం చెప్పడానికి రాయికోడ్ పోయాను. డెబ్భై ఆరేళ్ళకు ఒకసారి వచ్చే చుక్క, పిల్లలకు ఎట్ల చూపించాలో చెప్పండి టీచర్ అన్నాను. తల్లి చనిపోయి ఒంటరిగా ఉంది. జుట్టు నెరిసింది. నవ్వింది కానీ అది నాకు తెలిసిన నవ్వు కాదు.

"పుస్తకంల ఉంటది, సూసుకో. నేను చెప్పుడు బంద్ చేసిన."

"ఎందుకు టీచర్?"

"ఒక పిల్లను కాపాడిననుకున్న. గా ఒక్క మాట ఎంత దూరం పోయిందో ఎరుకేనా? న్యాల్‌కల్ దిక్కు కెల్లి గూడ వచ్చి అడుగుతరు. సైన్సు టీచరమ్మనే ఒప్పుకుంది గదా అంటరు. కడుపుతో ఉన్న పిల్లల్ని ఇదివరకు గ్రహణం పట్టినంత సేపే ఇంట్ల పెట్టేటోళ్ళు. ఇప్పుడు పొద్దు పొడిచినప్పటి సంది పెడ్తున్నరు. ఇరవై ఏండ్లు చెప్పిన నిజం ఒక్కరు నమ్మలే. ఒక్కసారి చెప్పిన అబద్ధం అందరు నమ్మిన్రు."

చాయ్ పోసి నా ముందు పెట్టి, ముఖం చూడకుండా అడిగింది. "ఇంట్ల చెప్పినవా?"

"లేదు టీచర్."

"ఊఁ" అంది. తిట్టినా బాగుండేది. ఆ చాయ్ తాగి, బస్సుకు టైమయిందని లేచి వచ్చేశాను. తరవాత మళ్ళీ పోలేదు. సిగ్గుపడి పోలేదు. సిగ్గుపడే మనిషి ఇంట్లో చెప్పి ఉండాల్సింది. అదీ చేయలేదు.

చావు కబురు తెలిసిన సాయంత్రం జహీరాబాద్ వచ్చి వదినకు చెప్పాను. జొన్న రొట్టె చేస్తోంది. పెనం మీది రొట్టె మాడిపోయేదాకా అట్లాగే కూర్చుంది. మర్నాడు నేను సెలవు పెట్టాను. వదిన ఇంట్లో ఎవరినీ అడగకుండా బిడ్డను తీసుకుని నాతో బస్సెక్కింది. తొమ్మిది సంవత్సరాల కాపురంలో అడగకుండా గడప దాటడం అదే మొదటిసారి.

మేము చేరేసరికి ఏమీ మిగల్లేదు. తోటి టీచర్లే ముందు రోజు దహనం చేశారట. గదికి తాళం. బడి హెడ్మాస్టరు, "మంచి టీచర్. పాఠం తప్ప ఇంకో మాట మాట్లాడకపోయేది" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. అరుగు మీద ఆకాశాన్ని చేటలో పోసి చెరిగిన మనిషి గురించి ఆ మాట వినాల్సి వచ్చింది. వదిన తాళం మీద చెయ్యి వేసి కొంచెంసేపు నిలబడింది. ఆ చెయ్యి పట్టుకుని నేనే కిందికి దింపాను.

తిరుగు బస్సులో ముగ్గురు కూర్చునే సీటు దొరికింది. బిడ్డను వదిన ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. మా పక్కన నిండు చూలాలు ఒకామె కూర్చుంది. ఆమె అత్త ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి జాగ్రత్తలు చెబుతోంది.

"వచ్చే పున్నమికి చంద్రగ్రహణమున్నది. బయట కాలు పెట్టకు. జహీరాబాద్‌ల ఒక కోడలు సూస్తే బిడ్డ మూతి చీలింది. చూపెట్టిన టీచరమ్మనే ఒప్పుకుంది. గామె మొన్న సచ్చిందట."

నేను ఏదో చెప్పాలని మాటలు వెతుక్కుంటున్నాను. అప్పుడూ వెతుక్కుంటూనే ఉన్నాను. వదిన నాకంటే ముందే మాట్లాడింది. ఆమె గొంతు అంత పెద్దగా ఉంటుందని నాకు తెలియదు. బస్సంతా వినపడింది.

"ఆ కోడల్ని నేనే. గ్రహణం నేను సూడలే. సాప మీద కదలకుండ పండుకున్న. ఆమె నన్ను పిలువలే. నేను అబద్ధం చెప్పిన, నాకోసం ఆమె ఒప్పుకుంది. ఇగో, నా బిడ్డ. అట్లనే పుట్టింది. ఎవ్వరు ఏమి చేస్తె కాలే."

బిడ్డ ముఖాన్ని గడ్డం పట్టుకుని వాళ్ళ వైపు తిప్పింది. పెదవి మీది కుట్టు గీత ఎండలో తెల్లగా కనిపించింది.

ముందు సీటు అత్త కోడలికి కళ్ళతోనే సైగ చేసింది. ఆ పిల్ల కొంగును పొట్ట మీదికి నిండుగా లాక్కుని, లేచి, మమ్మల్ని తగలకుండా పక్కకు జరిగి, ముందుకు పోయి రాడ్డు పట్టుకుని నిలబడింది. జహీరాబాద్ వచ్చేదాకా బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది. జనం ఎక్కుతూనే ఉన్నారు, ముందున్నవాళ్ళు చెవిలో చెప్పింది విని, ఒకరి మీద ఒకరు పడుతూ నిలబడ్డారు. మా పక్కన ఆ చోటు ఖాళీగానే ఉండిపోయింది.