యాడికి పోతవ్ రా?

మా సారు దశదినకర్మ కాకముందే ఆయన రాసిన గోడకు సున్నం కొట్టించారు. కొట్టించింది మా తండా బడివాళ్లే. ఎవరో పెద్దసారు తనిఖీకి వస్తున్నాడట, గోడ తెల్లగా కనబడాలట. మనిషి పోయిన దుఃఖం ఒకటి, ఆయన చేతిరాతను కూడా లేకుండా చేశారన్న కోపం ఒకటి. రెండూ కలిపే రాస్తున్నాను. నేను సెంట్రింగ్ పని చేస్తుంటాను. ఐదో తరగతి తర్వాత బడి మొహం చూడలేదు. మిగతా చదువంతా పాత పేపర్లు, దొరికిన పుస్తకాలు చదివి నేర్చుకున్నదే. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఆ గోడ సంగతి తెలియాలంటే నేను బడి నుంచి పారిపోయిన రోజు చెప్పాలి.

మాది కొత్తగూడ వైపు అడవి అంచున లంబాడీ తండా. ఇంట్లో మా భాషే. తెలుగు సరిగ్గా చెవిన పడేది బడి గడప తొక్కాకే. మా భాషలో అమ్మను యాడి అంటాం. ఒకటో తరగతిలో చేరిన రోజు నేను గడప దగ్గర నిలబడి ఏడుస్తున్నాను. జనగామ దిక్కు నుంచి అప్పుడే కొత్తగా వచ్చిన సారు నా ముందు వంగి అడిగాడు, "యాడికి పోతవ్ రా?"

ఎక్కడికి పోతావని ఆయన అడిగాడు. అమ్మ దగ్గరికి పోతావా అని నాకు వినబడింది. ఇంత మంచి సారు ఉంటాడా అనుకుని తలూపి ఒకటే ఉరుకు. నన్ను చూసి మిగతా పిల్లలూ ఉరికారు. సారు రొప్పుకుంటూ మా వెనకే తండాకు వచ్చాడు.

మా యాడి వాకిట్లో రొట్టెలు చేస్తోంది. "ఏంది సారూ, గింత జల్ది బడి ఇడిసిపెట్టినవ్?"

"నేనేడ ఇడిసిన అమ్మా! యాడికి పోతవ్ రా అన్న, గంతే."

మా యాడికి నవ్వు ఆగలేదు. పెనం మీద రొట్టె మాడిపోయింది. "నువ్వే పొమ్మన్నవ్ గద సారూ! యాడి అంటే నేనే!"

ఇంకొకరైతే బెత్తం తీసేవారు. ఈయన అరుగు మీద కూర్చుని ఆ మాడిన రొట్టే తిన్నాడు. మర్నాడు నీలం రంగు డబ్బా తెచ్చి బడి వరండా గోడ మీద 'అమ్మ' అని రాసి, దాని పక్కన 'యాడి' అని రాశాడు. మా మాటను గోడ మీద అక్షరాల్లో చూడటం మాకు అదే మొదలు. వాచకంలో 'య' పక్కనున్న యముడి బొమ్మ చూపించి, "యముడికెందుకు రా 'య', యాడికిద్దాం," అన్నాడు. అప్పుడు మాకు యముడంటే తెలియదు. ఆయన నవ్వాడని నవ్వాం.

అట్లా మొదలైంది మాటల గోడ. శనివారం మధ్యాహ్నం బాలసభ జరిగేది. ప్రతి పిల్లా పిల్లాడూ ఇంటి నుంచి ఒక మాట తేవాలి, నిలబడి చెప్పాలి, తెలుగులో దాన్ని ఏమంటారో అందరూ కలిసి వెతకాలి. నీళ్ల పక్కన పాణి చేరింది. రొట్టె పక్కన బాటి చేరింది. మేం తడబడితే సారు అనేవాడు, "తప్పు మాట్లాడుర్రి, గని మాట్లాడుర్రి."

ఒక శనివారం మా నాయనమ్మను బడికి పిలిచాడు. ఆమె కట్టుకున్న లంగా కుచ్చిళ్ల మీది అద్దాలు చూపిస్తూ గుండ్రం ఏది, చదరం ఏది, మూడు మూలలది ఏది అని మమ్మల్ని అడుగుతున్నాడు. మేం చుట్టూ మూగి అద్దాల్లో మా మొహాలు చూసుకుంటున్నాం. ముసలామె ఊరుకుంటుందా? "నా మొగడు గూడ దీన్ని గింత సూడలే సారూ!" అంది. సారు సిగ్గుతో బోర్డు వైపు తిరిగిపోయాడు. మూడు మూలలదాన్ని త్రిభుజం అంటారని నేను ఈ రోజుకూ మరిచిపోలేదంటే ఆ లంగా పుణ్యమే.

పిల్లలు తండా మాట మాట్లాడితే తెలుగు రాదని ఎవరో అంటే సారు చెప్పిన మాట నాకింకా గుర్తుంది. "ఇంటి మాట ఇంటికాడనే ఇడిసి రమ్మంటే, పోరడు సగమే వస్తడు బడికి."

పెద్దవాణ్నయి పనికి పోతున్నా, మానుకోట బస్టాండులోనో ఇంకెక్కడో కనబడినా ఆయన అడిగేది అదే. "యాడికి పోతవ్ రా?" నేను చెప్పేదీ అదే. "యాడి కాడికే సార్." ఇద్దరం నవ్వుకునేవాళ్లం. చుట్టూ ఉన్నవాళ్లకు ఏం అర్థమయ్యేది కాదు.

ఆఖరిసారి చూసింది దవాఖానలో. మనిషి పరుపులో కలిసిపోయినట్టున్నాడు. నేను లేవగానే కళ్లు తెరవకుండానే పెదవులు కదిలించాడు. వినబడలేదు. అడిగింది ఏమిటో నాకు తెలుసు. చెవి దగ్గర వంగి "యాడి కాడికే సార్" అన్నాను. చెంప మీద చిన్న నవ్వు కదిలింది.

పోయాడని ఫోన్ వచ్చినప్పుడు స్లాబు పోస్తున్నాం. స్లాబు నడుమ ఆపేది కాదు. పని ముగించి, కాళ్లకు సిమెంటుతోనే బస్సెక్కి వాళ్ల ఊరు చేరేసరికి చితి అంటుకుంది. మొహం చూడలేదు. చేతిరాతైనా చూద్దామని తర్వాత బడికి పోతే, సున్నం బకెట్టు ఇంకా వరండాలోనే ఉంది.

"గోడ ఎందుకు కొట్టిచ్చిన్రు మేడం?" అని ఇన్‌చార్జి టీచరును అడిగాను.

"పరీక్షలల్ల లంబాడీ మాటలు అడుగుతరా తమ్మీ? శనివారం గూడ ఇగ పరీక్షలకే చదివిస్తం."

ఈ యేడే ఒకటో తరగతిలో చేరిన మా అక్క బిడ్డ వరండాలో ఓ మూల కూర్చుని ఉంది. సారు మంచం పట్టకముందు, ఆ బడిలోనే చెబుతున్నన్నాళ్లు ఇంటికొచ్చి వాగుతూనే ఉండేది. ఇప్పుడు బడిలో నోరు విప్పదట. దాహమైతే 'పాణి' అనడానికి భయపడి దాహంతోనే ఇంటికి వస్తోంది. మీ తెల్లగోడ ఖరీదు అదీ!

మొన్న గట్టి వాన పడింది. ఆ పిల్లను తీసుకురావడానికి బడికి పోయాను. జల్లుకు గోడ తడిసింది. పలచటి సున్నం కింద నీలం గీతలు తేలాయి. పిల్ల నా చెయ్యి విడిపించుకుని పోయి, తడి గోడ మీద వేలు పెట్టి మెల్లగా చదివింది. "యా... డి." ఇన్ని రోజులకు దాని గొంతు బడిలో వినబడింది. గోడ ఆరగానే మాట మళ్లీ లోపలికి పోయింది.

బడివాళ్లను, బడి కమిటీవాళ్లను అడుగుతున్నాను. ఆ గోడ తిరిగి రాయాలి. శనివారం బాలసభ తిరిగి పెట్టాలి. రంగు మేం తెస్తాం, రాసేది పిల్లలు. సారు నెల మాసికం నాటికి జవాబు కావాలి, నోటిమాటగా కాదు, కాగితం మీద. అప్పటిదాకా వాన పడ్డప్పుడల్లా ఆ పిల్లను గోడ దగ్గర నిలబెడతాను.