తడి గోడ

మణికొండలో నేనొక్కదాన్నే ఉండే ఫ్లాట్‌లో, హాల్ గోడకి టెక్స్చర్ వేయిస్తున్నాను. ఆ పచ్చి పూత వాసనకి నా ఎనిమిదో ఏడు గుర్తొచ్చింది.

మా నాయినదీ ఇదే పని. ఒక సెలవు రోజు అమ్మ ఆఫీసులో హౌస్‌కీపింగ్ డ్యూటీకి వెళ్తే, నాయిన నన్ను కొండాపూర్‌లో తను పనిచేస్తున్న ఫ్లాట్‌కి తీసుకెళ్లాడు. "జర గీడ్నే కూసో బిడ్డా," అని ఖాళీ పుట్టీ సంచి పరిచి, గోడ వైపు తిరిగాడు. తడి పూత మీద దువ్వెనలాంటి రేకుతో అలలు గీయడం మొదలుపెట్టాడు.

"నాయినా," అన్నాను. పలకలేదు. మళ్లీ పిలిస్తే, ఆ ఖాళీ గదుల్లోంచి నా గొంతే నాకు తిరిగొచ్చింది. చివరికి వెళ్లి గోడ అడుగున అరచెయ్యి గట్టిగా అద్దాను. తిడతాడనుకున్నాను. తిట్టనైనా లేదు. వంగి, నా అయిదు వేళ్ల గుర్తు మీదుగా రేకు లాగేసి ముందుకు జరిగాడు.

నేనంటే ఇష్టం లేదని ఆ రోజే అనుకున్నాను. నాయిన పోయాక కూడా ఆ మాట మనసులోంచి పోలేదు.

ఇవాళ మేస్త్రీ ఫోన్ నేల మీద మోగుతూనే ఉంది. తెర మీద రెండు జడల పాప ఫోటో.

"మీ పాప చేస్తోంది," అన్నాను.

"ఇప్పుడు ఆపితే తడి ఆరిపోయి అతుకు పడ్తది మేడం. గోడంతా ఒక్కసారే కావాలె," అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

మూడోసారి మోగితే నేనే ఎత్తాను. "మీ నాయిన గోడ పనిల ఉన్నడమ్మా. నీ మీద కోపం కాదు."

"సరే ఆంటీ," అని ఆ పాప పెట్టేసింది. ఫోన్ మాత్రం చాలాసేపు నా చెవి దగ్గరే ఉండిపోయింది.