ముసురులో విరిచిన మక్కలు

మొన్న బోధన్ నుంచి నిజామాబాద్ వస్తుంటే సగం రోడ్డు మీద మక్కలు, అవే మొక్కజొన్నలు, ఆరబోసి ఉన్నాయి. బస్సు డ్రైవరు విసుక్కుంటూ పక్కకు తిప్పాడు. మబ్బు కమ్ముకొస్తుంటే ఒక రైతు, ఆయన భార్య వాటి మీద కప్పడానికి పరదా పట్టుకొని పరుగెత్తుతున్నారు. బస్సులో అందరూ చల్లబడుతుందని సంతోషపడ్డారు. నాకు మాత్రం మా వదిన గుర్తుకొచ్చింది.

వదిన మోర్తాడ్ వైపు పసుపు పండించే ఇంటి పిల్ల. ఉడకబెట్టిన పసుపు సరిగ్గా ఎండకపోతే ఏమవుతుందో చిన్నప్పటి నుంచి చూసింది. అందుకేనేమో కోటగిరి దగ్గర మా ఊరికి కోడలిగా వచ్చాక ఎండ కనబడితే చాలు, ఏదో ఒకటి ఆరేసేది. పప్పులు, చింతపండు, పరుపులు, చివరికి మా అమ్మ తంబాకు సంచి కూడా. "ఒకనాడు నన్ను గూడ దండెం మీదేస్తది" అని అన్న నవ్వేవాడు.

డెబ్బయ్యో దశకం మొదట్లో, నాకింకా పెళ్లి కాని రోజుల్లో, ఒక ఏడు సరిగ్గా మక్క కంకులు విరిచే వేళకు ముసురు పట్టింది. అన్న తడి కంకులనే వెదురు గుమ్మిలో నింపించబోయాడు. "పచ్చియి పెట్టకుండ్రి, బూజు పడ్తయ్" అని వదిన అడ్డం పడింది. "ఎండ నీ అవ్వగారింటికెల్లి తెస్తవా?" అన్నాడు. తప్పు పట్టడానికీ లేదు, ఎండ ఎక్కడా లేదు. వదిన చేతనైనన్ని కంకులను వంటింట్లో పొయ్యి పైన వేలాడదీసింది, మిగతావి గుమ్మిలోకే పోయాయి.

ముసురు విడిచాక గుమ్మి మూత తీస్తే వేడి ఆవిరి ముఖాన కొట్టింది. గింజల మీద పచ్చగా, నల్లగా బూజు. కోళ్లకు కొన్ని వేస్తే రెక్కలు వాలేసి పడిపోయాయి. రైతులకు సలహాలు చెప్పే సర్కారు గ్రామసేవకుడు వచ్చి చూసి, కడిగినా ఉడికించినా ఈ విషం పోదని, బూజు పట్టినవన్నీ ఏరి పారేయమని చెప్పి సైకిలెక్కాడు. వదిన, ఏడాది జీతానికి మా పొలం పని చేసే జీతగాని భార్య కలిసి కూర్చొని ఏరారు. చెడ్డవన్నీ పెంటకుప్పలో పోయించింది వదిన.

తెల్లారి చూస్తే కుప్ప తవ్వి ఉంది. వదిన నన్ను వెంటబెట్టుకొని జీతగాని ఇంటికి పోయింది. పొయ్యి మీద మక్కరవ్వ గట్క ఉడుకుతోంది.

"ఏరినదానివి నువ్వే గద, తెల్వదా? గా మక్కలు విషం. పారబొయ్యి" అంది వదిన.

"మంచిగ కడిగిననమ్మా" అందామె తలెత్తకుండా. "పారబోస్తె పొయ్యి మీద ఏం పెట్టాలె?"

వదిన వెనుదిరిగింది. ఇంటికొచ్చి, వాళ్లకు మంచివి కొన్ని ఇద్దామని అన్నను అడిగింది. "మనకే ఎండకాలం దాక రావు. ఏడికెల్లి ఇయ్యాలె?" అన్నాడు అన్న. అదీ అబద్ధం కాదు. పొయ్యి పైన ఉన్న కంకులన్నీ తెంపి, ఒడిలో పోసుకొని పోయి ఇచ్చి వచ్చింది.

కొన్నాళ్లకు జీతగాని కళ్లు పచ్చబడ్డాయి. తర్వాత కడుపు ఉబ్బింది. పసరు తాగించారు, తాయెత్తు కట్టారు, ఎడ్లబండిలో దవాఖానకు తీసుకుపోయారు. బండి తిరిగొచ్చేటప్పటికి మనిషి లేడు. కామెర్లన్నారు అందరూ. వదిన పలకరించడానికి పోతే అతని భార్య ఏడుపు ఆపి చెప్పింది: "నువ్విచ్చినయి పోరగాండ్లకే పెట్టినమమ్మా. కుప్పకెల్లి తెచ్చినయి మేం తిన్నం. కష్టం జేసేటోడని ఆయనకే ఎక్కువ పెట్టిన."

మరుసటేడూ అట్లాగే వాన. ఈసారి వదిన ఎవరి మాటా వినలేదు. బూజు కంకుల మీద కిరసనాయిలు పోసి వాకిట్లోనే అంటించింది. "లచ్చిమిని కాలవెట్టింది" అని వాడకట్టంతా తిట్టింది, మా అమ్మ చాలా రోజులు ఆమె చేతి నీళ్లు తాగలేదు. వదిన మాత్రం కట్టెతో మంట ఎగదోస్తూ నిలబడింది. గోడ అవతల చూస్తున్న వాళ్లలో జీతగాని భార్య కూడా ఉంది. "గన్ని గింజలు..." అంది, అంతే.

ఆ బూజు విషానికి ఒక పేరుందని నేను రేడియోలో విన్ననాటికి అన్న లేడు, వదినా లేదు. కాలం తెలివి తెస్తుందంటారు. తెస్తుంది, తినేవాళ్లంతా తినేసి లేచాక.