ఉప్పు రాశి మీద నీలం

నా చిన్నప్పుడు నేను బొమ్మ గీస్తే ఆడా మగా తేడా లేకుండా అందరికీ గడ్డం వచ్చేది. గీత బాగానే పడేది. ముక్కు ముక్కులా, కన్ను కన్నులా ఉండేవి. చిక్కంతా రంగుల దగ్గరే. బడిలో డ్రాయింగు మాస్టారు వెలుగు ఒక వైపు, నీడ ఒక వైపు రావాలని చెప్పారు. నీడంటే నలుపే కదా అనుకుని బుగ్గ కింద, చుబుకం కింద నల్ల పెన్సిలుతో రుద్దేదాన్ని. చాలలేదనిపిస్తే వేలితో పులిమేదాన్ని. దాంతో మా అమ్మ, పక్కింటి అక్క, బడిలో నా పక్కన కూర్చునే పిల్ల, అందరూ క్షవరం చేయించుకోని మనుషుల్లా తయారయ్యేవారు.

అప్పుడు మేము రాజాంలో ఉండేవాళ్లం. మా నాన్నమ్మకు ఫొటో అంటే పడేది కాదు. కెమెరా ఎదుట కూర్చుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ నమ్మకం. మా ఇంట్లో ఫొటో లేని మనిషి ఆవిడ ఒక్కతే. నాన్న ఎంత బతిమాలినా వినలేదు. చివరికి ఒకరోజు నన్ను చూపించి, "నాకు ఫొటో ఒద్దురా. దీనికి గీత వొచ్చు కదా, నా బొమ్మ ఇదే గీస్తాది" అని తేల్చేసింది. నాన్న ఆ సాయంత్రమే బజారు నుంచి గాజు బిగించిన ఫ్రేము తెచ్చి, ఖాళీగానే ముందుగదిలో మేకుకు తగిలించారు. దాన్ని చూసినప్పుడల్లా నాకు గర్వంగానూ ఉండేది, గుండెల్లో గుబులుగానూ ఉండేది.

నాన్నమ్మ అరుగు మీద కూర్చుంది. నేను గీశాను. గీత పూర్తయ్యేసరికి అచ్చం నాన్నమ్మే. రంగులు వేసేసరికి ఆవిడకూ గడ్డం వచ్చేసింది. చుట్టూ చేరిన వాళ్లంతా నవ్వారు. నాన్నమ్మ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, "ఓలమ్మో! మీ తాత కూడా ఇంత గడ్డం పెంచలేదే" అంది. ముద్దుగానే అంది. నాకు మాత్రం ఏడుపు తన్నుకొచ్చింది. మళ్లీ గీశాను, మళ్లీ అంతే. నలుపు తగ్గిస్తే ముఖం అప్పడంలా బల్లపరుపుగా ఉండేది. పెంచితే గడ్డం. విసిగిపోయి రంగు పెన్సిళ్ల పెట్టెను అలమర మీదకు విసిరేసి, ఇక జన్మలో బొమ్మలు గీయనని ఇంట్లో అందరికీ చెప్పేశాను. ఆ తర్వాత ముందుగదిలోకి వెళ్లాల్సి వస్తే తల వంచుకుని నడిచేదాన్ని.

వేసవి సెలవులకు అమ్మ నన్ను నౌపడ పంపింది. అక్కడ మా పిన్ని, అంటే అమ్మకు చెల్లెలు, కొత్తగా కాపురం పెట్టింది. చిన్నాన్నకు రైల్వే స్టేషనులో ఉద్యోగం. పిన్నికి కుట్టుపని అంటే ప్రాణం. ఇంట్లో దిండు గలీబులు, తలుపు తెరలు, చివరికి మంచినీళ్ల కుండ మీద కప్పే గుడ్డ కూడా పువ్వులతో నిండి ఉండేవి. నా బట్టలు సర్దుతుంటే అడుగున పెన్సిళ్ల పెట్టె బయటపడింది. అమ్మ నాకు తెలియకుండా పెట్టేసింది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. పిన్ని ఏమీ అడగకుండా దాన్ని కిటికీలో పెట్టింది. అసలు సంగతి అమ్మ ఆమెకు ముందే చెప్పిందని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

మర్నాడు పిన్ని ఒక దిండు గలీబు మీద కొంగను కుడుతూ నన్ను పిలిచింది.

"ఈ కొంగ ఏ రంగే?"

"తెలుపు."

"బాగా సూసి సెప్పు."

"తెలుపే పిన్నీ. కొంగ నల్లగా ఉంటాదేటి?"

పిన్ని నవ్వి గుడ్డను తిరగేసింది. వెనక పక్క పోగులన్నీ బయటపడ్డాయి. లేత నీలం, బూడిద రంగు, వెన్న లాంటి పసుపు, రెక్క కింద ఊదా కూడా. తెల్ల దారం వీపు మీద కొంచెం, మెడ మీద కొంచెం, అంతే. ముందు పక్కకు తిప్పి చూస్తే మళ్లీ తెల్ల కొంగ. గారడీవాడి సంచీలా ఆ గుడ్డను అటూ ఇటూ ఎన్నిసార్లు తిప్పానో. తిప్పుతూ తిప్పుతూ నవ్వేశాను. ఫ్రేము గోడెక్కిన తర్వాత నేను నవ్వడం అదే మొదలు.

మరుసటి రోజు ఎండ ముదరకముందే పిన్ని నన్ను ఉప్పు మడుల దగ్గరికి తీసుకెళ్లింది. గట్ల మీద ఉప్పు రాశులు పోసి ఉన్నాయి. పిన్ని ఒక పాత శుభలేఖ అట్టకు తలపిన్నుతో చిన్న కన్నం పొడిచి నా చేతికిచ్చింది.

"ఆ రాశి నీడ పక్క ఏ రంగే?"

"ఉప్పు తెలుపే కదా. నీడ కాబట్టి కొంచెం నలుపు."

"నీకు తెలిసింది సెప్పొద్దు. ఆ కన్నంలోంచి కనపడింది సెప్పు."

ఒక కన్ను మూసి చూశాను. ఆ చిన్న కన్నంలో రాశి లేదు, ఉప్పు లేదు, ఒట్టి రంగు ఉంది. నీలం! నిజం నీలం! అట్టను కొంచెం జరిపితే ఎండ పడిన పక్క వెన్నపూస రంగు. నలుపు ఎంత వెతికినా దొరకలేదు. "పిన్నీ, నీలం!" అని నేను అరిచిన అరుపుకు మడుల్లో ఉప్పు పోగుచేస్తున్న వాళ్లు తలెత్తి చూశారు. పిన్ని తన సంచీలో తెచ్చిన నా పెట్టెలోంచి నల్ల పెన్సిలు తీసి తన కొప్పులో గుచ్చుకుంది. "ఇది నా కాడ ఉంటాది. మిగతావాటితో గియ్యి" అంది.

వెంటనే వచ్చేసిందని చెప్తే అబద్ధమవుతుంది. నేను గీసిన మొదటి ఉప్పు రాశిని చూసి చిన్నాన్న, "ఏనుగేటి?" అని అడిగారు. రెండోది నీలిమందులో ముంచిన బట్టల మూటలా వచ్చింది. పిన్ని పక్కన కూర్చుని, "ఒక్కపాలే గట్టిగా రుద్దకు. పోగు పక్కన పోగు ఏసినట్టు ఏయి. ఒక రంగు పలసగా, దాని మీద ఇంకోటి పలసగా" అనేది. అలా పలచగా వేస్తూ వేస్తూ ఉంటే ఒకనాడు రాశి కాగితం మీద నుంచి లేచి నిలబడింది. చేత్తో తడిమి చూసుకున్నాను. కాగితం నున్నగానే ఉంది!

ఆ తర్వాత వంకాయ, ఇత్తడి చెంబు, చివరికి మనిషి ముఖం. మధ్యాహ్నం నిద్రపోతున్న చిన్నాన్న దగ్గరికి మేమిద్దరం ఆ కన్నం అట్ట పట్టుకుని పిల్లుల్లా వెళ్లాం. తీరా చూస్తే ఆయనకు నిజంగానే గడ్డం పెరిగి ఉంది. "ఈయన మనకి పనికిరాడు" అని పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నన్ను బయటికి లాక్కొచ్చింది. తనే కిటికీ దగ్గర కూర్చుంది. ఆమె బుగ్గ కింద నీడ ఇటుక రంగులో ఉంది. చుబుకం అడుగున మాత్రం సన్నగా ఆకుపచ్చ. ఎక్కడి నుంచి వచ్చిందా అని చూస్తే, ఆమె కట్టుకున్న పచ్చ చీర మీది వెలుగు అది. ఆ మాట చెప్తే పిన్ని అద్దం తెచ్చుకుని మరీ చూసుకుంది. ఆ ఒక్కటీ ఆమెకు నేను చూపించాను.

సెలవులయ్యాక రాజాం వచ్చి నాన్నమ్మను మళ్లీ అరుగు మీద కూర్చోబెట్టాను. ఆవిడ కునికిపాట్లు పడేది, నేను లేపేదాన్ని. గంధం రంగు, ఇటుక రంగు, కళ్ల కింద కొంచెం ఊదా, చుబుకం కింద ఎర్ర నేతచీర పంపిన కాస్త ఎరుపు. పూర్తయ్యాక కాగితం ఆవిడ చేతిలో పెట్టి గుమ్మం వెనక నిలబడ్డాను. కాగితం అటూ ఇటూ తిప్పుతున్న చప్పుడైంది. తర్వాత మెల్లగా, "నానింత బాగుంటానేటే?" అని వినపడింది. నాన్న అప్పుడే ఫ్రేము మేకు మీంచి దించుతున్నారు.

నేను పేరున్న చిత్రకారిణిని కాలేదు. ఉద్యోగం, సంసారం మధ్య తీరిక దొరికినప్పుడల్లా గీసుకున్నాను. ఈ మధ్య కొన్నేళ్లుగా రంగులన్నీ మురికి పట్టినట్టు కనపడుతుంటే రంగులే నాసిరకానివి వస్తున్నాయని దుకాణాలు మార్చాను. తీరా చూస్తే నా కళ్లలో శుక్లాలు. ఆపరేషనయ్యాక కట్టు విప్పినప్పుడు ఎదురుగా నర్సమ్మ తెల్లకోటు, దాని మడతల్లో నీలం. "నీలం!" అని నేను అరిస్తే పాపం ఆ పిల్ల హడలిపోయింది.

ఇంటికి రాగానే పిన్నికి ఫోను చేశాను. ఆమె ఇప్పటికీ నౌపడలోనే ఉంటుంది. సంగతంతా విని, "అయితే ఫోనట్టుకుని కూకున్నావేటే? కాగితం తియ్యి" అంది.

తీశాను. ఇప్పుడు రోజూ ఉదయం వంటింటి కిటికీలో ఏదో ఒకటి పెట్టుకుని, దాని రంగు నాకు తెలుసని అనుకోకుండా కూర్చుంటాను. నిన్న పాలగిన్నె పెట్టాను. పాలలో గులాబీ రంగు ఉంది.