యుద్ధంలో అక్క, ఇంట్లో నేను

అక్క పనిచేసే దేశంలో యుద్ధం మొదలైనప్పటి నుంచి వడమాలపేటలో మా ఇంట్లో శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టారు. నేను రేణిగుంటలో ఫ్యాక్టరీ షిఫ్టు ముగించుకుని బస్సు దిగి వచ్చేసరికి చాపలు పరిచి ఉండేవి. మందిరం ఆడవాళ్ళు మోకాళ్ళ మీద ఉండి అక్క కోసం ఏడ్చేవాళ్ళు. నేనూ వాళ్ళ వెనక మోకరించేదాన్ని. కళ్ళు మూసుకుంటే నాకు అక్క క్షేమం గుర్తొచ్చేది కాదు. అసూయ పొంగుకొచ్చేది.

ఆ అసూయ పాతదే. చిన్నప్పటి నుంచి మందిరానికి అందరికంటే ముందు వెళ్ళేది నేను. సండే స్కూల్లో పిల్లలకు వాక్యాలు నేర్పింది నేను. అక్క ఆరాధన సగమయ్యాక వచ్చి గుమ్మం పక్కన కూర్చునేది. బావ జబ్బుచేసి పోయాక ఆమె ముసలివాళ్ళను చూసుకునే పని నేర్చుకుని ఇజ్రాయెల్ వెళ్ళింది. నడవలేని ఒక ముసలామె ఇంట్లో ఉద్యోగం. సెలవు దొరికినప్పుడల్లా ఏదో ఒక ఊరు చూసి ఫోటోలు పంపేది, అమ్మ వాటిని మందిరమంతా చూపించేది. బైబిల్లోని ఆ ఊళ్ళ పేర్లు వరసగా చెప్పగలిగేది నేను. వాటిలో నడిచేది తను.

యుద్ధం వచ్చాక అమ్మకు అక్క తప్ప వేరే లోకం లేకపోయింది. ఆ రోజుల్లోనే, మా ఆయన పని మీద వేరే ఊళ్ళో ఉండగా, నాకు ఐదో నెలలో కడుపు పోయింది. నేను తిరుపతి ఆస్పత్రి నుంచి వచ్చి ఇంకా సరిగా లేచి నడవకముందే, అమ్మ నా మంచం పక్కన కూర్చుని ఫోన్లో వార్తలు చూస్తూ "నా బిడ్డ నిప్పుల్లో ఉండాది" అంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. మా పాస్టరు అయ్యగారు వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, అంతా దేవుని చిత్తమని చెప్పి, వెంటనే అక్క కోసం ప్రార్థన ఎత్తుకున్నారు. ఇక దేవుణ్ణి ఏదీ అడగడం మానేశాను. మందిరంలో పాటలకు పెదవులు కదిపేదాన్ని, అంతే.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఇంట్లో లేనప్పుడు అక్క వీడియో కాల్ చేసింది. అన్నం తిన్నావా అని అడుగుతుండగానే అక్కడ సైరన్ మోగింది. అక్క ఫోన్ ముసలామె ఒళ్ళో పడేసి, చక్రాల కుర్చీని బాంబులను తట్టుకునే గదిలోకి తోసుకుపోయింది. నాకు ముసలామె గౌను గుండీలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఇనుప తలుపు మూసిన చప్పుడు. ముసలామె తన భాషలో కేకలు పెడుతోంది. అప్పుడు అక్క పాడటం మొదలుపెట్టింది. అమ్మ వంట చేస్తూ పాడే తెలుగు పాటే, చరణాలు తారుమారు చేసి. ఎక్కడో పెద్దగా పేలింది. పాట ఆగలేదు.

కాసేపటికి చెమట పట్టిన అక్క ముఖం కనిపించింది.

"భయం లేదా అక్కా?"

"ఎందుకుండదు మే? అయినా నేను పాడకపోతే ఈమె ఏడస్తాది."

"ఆడ దేవుడుండాడని అనిపిస్తాదా నీకు?"

అక్క చేత్తో ముఖం తుడుచుకుంది. "కొన్ని దినాలు అనిపించదు. అయినా అడగతానే ఉంటా. ఇంకెవుర్ని అడిగేది?"

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. బాంబుల మధ్య ఉన్న మనిషికి అడగడానికి ఒకడున్నాడు. ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్న నాకు లేడు. ఆమె చూసిన ఊళ్ళ మీదా, అమ్మ కన్నీళ్ళ మీదా ఉన్న అసూయంతా ఆ ఒక్కదాని మీదికి మళ్ళింది.

దాడులు కొంచెం తెరిపిచ్చాక అక్క సెలవు మీద వచ్చింది. ఆదివారం మందిరం నిండిపోయింది.

"దేవుడు నిన్నెట్ట కాపాడినాడో సాక్ష్యం చెప్పు తల్లీ" అని అయ్యగారు మైకు ఇచ్చారు.

"మా పక్క వీధిలో ఫిలిప్పీన్స్ పిల్ల ఒకతె పనిచేసేది అయ్యగారూ" అంది అక్క. "నాకంటే భక్తి ఎక్కువ. ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకునేవాళ్ళం. బాంబు వాళ్ళింటి మీద పడింది. నన్ను కాపాడినాడని ఈడ నేను చెప్తే, ఆ పిల్లను వదిలేసినాడని చెప్పినట్టే గదా? నేనట్ట చెప్పలేను. వాళ్ళమ్మ కోసరం ప్రార్థన చేయండి."

స్తోత్రం చెప్పడానికి ఎత్తిన చేతులు దిగిపోయాయి. అందరికంటే ముందు అయ్యగారు మోకరించారు.

ఇంటికొచ్చాక అక్క ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. నేనిక ఆగలేకపోయాను.

"నువ్వు చెప్తే అందరూ ఇన్నారు. అదే నేనడిగుంటే అవిశ్వాసి అనుందురు."

"నువ్వేం అడగాల మే?"

"నా బిడ్డనెందుకు వదిలేసినాడని."

అక్క అమ్మ వైపు చూసింది. అమ్మ తల దించుకుంది. "యుద్ధంలో ఉండావు, నీకీ దిగులు గూడా ఎందుకని చెప్పలేదు" అంది.

అక్క కత్తిపీట పక్కకు నెట్టి లేచి వచ్చింది. "ఆడబిడ్డా, మొగబిడ్డా?" అని అడిగింది.

అంతవరకు ఆ మాట నన్నెవరూ అడగలేదు.

"ఆడబిడ్డ" అన్నాను.

అక్క నన్ను ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది. వాక్యం చెప్పలేదు, ఓదార్చలేదు. అమ్మ పొయ్యి ఆర్పేసి వచ్చి మా పక్కన కూర్చుంది. ఆ పూట ఎప్పుడు తిన్నామో గుర్తు లేదు.

ముసలామె వేరేవాళ్ళ చేత్తో తినడం లేదని కబురొస్తే అక్క మళ్ళీ బయల్దేరింది. మేమెంత వద్దన్నా వినలేదు. రేణిగుంట విమానాశ్రయంలో ఆమె అద్దాల తలుపు దాటి పోతుంటే, ఆమెకేమవుతుందోనన్న భయం కన్నా ముందు నాలో అసూయే లేచింది. తను ఎక్కడ అవసరమో ఆమెకు అంత బాగా తెలుసు.

తర్వాతి శుక్రవారం ఎవరికైనా ప్రార్థన కావాలా అని అయ్యగారు అడిగినప్పుడు నేను లేచి నిలబడ్డాను. నా ఆడబిడ్డ పోయిందనీ, అప్పటి నుంచి నాకు ప్రార్థన రావడం లేదనీ చెప్పాను. అయ్యగారు ఈసారి దేవుని చిత్తమనలేదు. అమ్మ జరిగి వచ్చి నా వీపు మీద చెయ్యి వేసి, అలాగే ఉంచింది. మోకరించి, ముందు నా బిడ్డ గురించి దేవుణ్ణి అడిగాను. ఆ ఫిలిప్పీన్స్ తల్లి గురించీ అడిగాను. చివరికి అక్క గురించి.

జవాబేమీ రాలేదు. యుద్ధం ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ ఉంది. అక్క ఇంకా అక్కడే ఉంది. ఆమె మీద నాకు అసూయ పోలేదు. ఇప్పుడు ఆ సంగతి కూడా దేవుడికే చెప్తున్నాను.