పంపడానికి వెళ్ళి పిలిచి వచ్చాం

విదేశీ యూనివర్సిటీలతో విద్యార్థుల మార్పిడి ఒప్పందం చేసుకోవాలని మా వాళ్ళకు బుద్ధి పుట్టింది ఐటీ మంచి ఊపులో ఉన్న రోజుల్లో. హైదరాబాదుకు మూడు గంటల దూరంలో, చేనేత ఊళ్ళ మధ్య ఉన్న చిన్న యూనివర్సిటీ మాది. నేను అక్కడ వస్త్ర డిజైన్ చెప్పేదాన్ని. ఒప్పందం కుదిరితే మొదట విమానం ఎక్కాల్సింది మా చివరి సంవత్సరం అమ్మాయి సునీత. నేతపని వాళ్ళ పిల్ల, క్లాసులో ఫస్టు. ఆ ఏడు కుదరకపోతే ఆమె చదువు అయిపోతుంది, అవకాశమూ పోతుంది. అందుకే అర్హతలు చూస్తాం రమ్మని పంజాగుట్టలోని విదేశీ యూనివర్సిటీల కూటమి ఆఫీసు నుంచి పిలుపు రాగానే ఆమెను వెంటబెట్టుకుని బయల్దేరాను. ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని ఆ రోజు సంగతి రాస్తున్నాను.

తెల్లవారుజామున బస్సెక్కి జూబ్లీ బస్టాండులో దిగాం. అక్కడి నుంచి బేగంపేట మీదుగా సిటీ బస్సులో పంజాగుట్టకు అరగంట, టికెట్టు టీ ఖర్చంత. ఆటో కూడా అడిగి చూశాను. "మీటర్ మీద రాను మేడం, మస్తు ట్రాఫిక్ ఉంటది. బస్సులనే పోండ్రి, మంచిగుంటది" అన్నాడు ఆ డ్రైవరు. బేరం పోగొట్టుకుని మరీ సలహా ఇచ్చినవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. బేగంపేటలో విమానం బస్సు నెత్తి మీదుగా దిగింది. సునీత కిటికీలోంచి తల బయటపెట్టి, "గింత కిందికొస్తదా మేడం" అంది.

ఆఫీసు ఒక పెద్ద భవనంలో మూడో అంతస్తు. ఆ విదేశీ యూనివర్సిటీల కూటమి తరఫున కాగితాలు చూసేది పద్మావతిగారు, రాజమండ్రి ఆవిడ. మా ఫైలు ఓపిగ్గా తిరగేశారు. "ప్రభుత్వ గుర్తింపు ఉంది. మార్కుల్ని క్రెడిట్లుగా మార్చే పద్ధతి ఉంది. పాఠాలు ఇంగ్లీషులోనే చెబుతున్నారు. అంతా బాగానే ఉందండి. మరి మీ దగ్గరికి ఎవరొస్తారు?"

"మేము పంపిస్తాం కదండీ" అన్నాను.

"మార్పిడంటే ఏంటనుకున్నారండీ? కుండమార్పిడి సంబంధం లాంటిది. మీరెంతమందికి చోటిస్తే అక్కడ మీవాళ్ళలో అంతమందికే చోటు. ఎవరి ఫీజు వాళ్ళు సొంత యూనివర్సిటీలోనే కట్టుకుంటారు. అందుకని అక్కడి పిల్లలు మీ దగ్గర ఏం నేర్చుకుంటారో ముందు చెప్పాలి. మూడింటికి వాళ్ళ ప్రొఫెసర్ వస్తున్నారు, ఆవిడకి చెప్పండి."

మా ఫైలు నిండా కంప్యూటర్ కోర్సులే. ఊరంతా ఆ మోజులో ఉంటే మేమూ అవే ముందు పెట్టాం. కంప్యూటర్లు పుట్టిన దేశం నుంచి అవి నేర్చుకోవడానికి మా దగ్గరికి ఎవరొస్తారన్న ఆలోచన మా సెనేట్లో ఒక్కరికీ రాలేదు, నాకూ రాలేదు. మా క్లాసుల వెనకాల ఉన్న మగ్గాల షెడ్డును మాత్రం ఫైల్లో ఎక్కడా పెట్టలేదు. తనిఖీకి ఎవరొచ్చినా అటు తీసుకెళ్ళం, నామోషీ.

తిండికి అమీర్‌పేట వైపు నడిచాం, ఇరవై నిమిషాలు పట్టింది. అక్కడ ఎటు చూసినా కంప్యూటర్ కోచింగ్ సెంటర్లే. నేల నుంచి పైకప్పు దాకా గోడ కనబడకుండా బోర్డులు, ప్రతి బోర్డు మీదా ఒక కోర్సు పేరు. మెట్ల మీద ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, లోపల చోటు లేక వరండాలో నిలబడి పాఠం రాసుకునేవాళ్ళు. చేతిలో కరపత్రం పెట్టందే ఎవరూ మనల్ని కదలనివ్వరు. తిరునాళ్ళకైనా ఏడాదికొకసారే ఇంత జనం, ఇక్కడ రోజూ ఇదే. నిజంగా ఒళ్ళు పులకరించింది.

సందులో ఒక మెస్సులో కూర్చున్నాం. తెనాలి ఆవిడ నడుపుతోంది, ముద్దపప్పు, గోంగూర. మా ఎదురుగా తింటున్న కుర్రాడు ఒడిశా నుంచి వచ్చాడట.

"గింత దూరం ఎందుకొచ్చినవ్ అన్నా?" అని అడిగింది సునీత.

"ఇక్కడ ఉన్నది మా ఊళ్ళో లేదు అక్కా. ఉంటే ఎందుకొస్తా?" అన్నాడు వచ్చీరాని తెలుగులో, పెరుగు కలుపుకుంటూ.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "సునీతా, మన షెడ్డు" అన్నాను.

"గదే అనుకుంటున్న మేడం. నెయ్యకముందే దారానికి రంగేసుడు, నేసినంక పువ్వు తేలుడు. ఆల్లకాడ ఉంటదా?"

మూడింటికి వచ్చిన ప్రొఫెసరమ్మ పెద్దావిడ. నేను షెడ్డు గురించి చెబుతుంటే సునీత తను నేసుకున్న చున్నీ తీసి ఇచ్చింది. ఆవిడ దాన్ని తిరగేసి, మళ్ళీ తిరగేసి, రెండువైపులా ఒకే పువ్వు చూసి చాలాసేపు వదల్లేదు. ఇది నేర్చుకోవడానికి మా పిల్లలకు ఎన్ని నెలలు కావాలని అడిగింది. ఆవిడ సరేననడంతో మాకు అర్హత వచ్చింది.

అప్పుడు పద్మావతిగారు సునీత వైపు చూస్తూ మెల్లగా చెప్పారు. "కొత్తగా చేరినవాళ్ళు మొదటి ఏడు పిలవడమేనండి. పంపడం రెండో ఏడు నుంచి." రెండో ఏటికి సునీత చదువులో ఉండదు. ఆమె చున్నీ మడతపెట్టుకుని నమస్కారం చేసింది.

తిరుగు బస్సు బేగంపేట దాటాక అడిగింది. "మేడం, వచ్చే పిల్ల యాడుంటది?"

"హాస్టల్లో."

"హాస్టల్ల అన్నం ఆమెకు పడదు. మా ఇంట్ల ఉండనియ్యిండ్రి. ఇంట్ల సుత మగ్గం ఉన్నది కద."

తనకు మూసుకున్న తలుపు దగ్గర నిలబడి ఇంకొకరికి తన ఇంటి తలుపు తీసింది ఆ పిల్ల. మరుసటి ఏడు వచ్చిన అమ్మాయి వాళ్ళింట్లోనే ఉండి మగ్గం నేర్చుకుంది. ఆ పై ఏడు సునీత జూనియర్ విమానం ఎక్కింది. మీరూ ఇలాంటి ఒప్పందానికి వెళుతుంటే ఒక్కటే సలహా: వచ్చేవాళ్ళకు మీ దగ్గర ఏముందో అది ఫైల్లో ముందు పెట్టండి, పంపేవాళ్ళ సంగతి తర్వాత. మా ఫైల్లో ఇప్పుడు మొదటి పేజీ మగ్గాల షెడ్డుది, రెండో పేజీ సునీత వాళ్ళ ఇంటి చిరునామా.